బ్రేక్ పిస్టన్ వెనక్కి వెళ్లడం లేదు: బలం పెట్టాలా, ఆగాలా?

శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, సముద్రానికి కిలోమీటరున్నర దూరంలో ఇల్లున్న ఒక ఉపాధ్యాయుడు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు. ఆయన దగ్గర పదకొండేళ్ల నాటి చిన్న కారు ఉంది. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ములు. నెల కిందట డ్యాష్‌బోర్డులో బ్రేక్ లైటు వెలిగితే, ముప్పై ఏళ్లు లారీ నడిపి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న తండ్రి బానెట్ ఎత్తి చూసి, డబ్బాలో బ్రేక్ ఆయిల్ తగ్గిందని మ్యాక్స్ గీత దాకా పోశారు. లైటు ఆరిపోయింది. రెండు వారాల తరవాత ఎడమ ముందు చక్రం దగ్గర కీచుమనే చప్పుడు మొదలైంది. బ్రేకు తొక్కకపోయినా కారు ఎడమకు లాగేది. బడి నుంచి ఇంటికి చేరేసరికి ఆ చక్రం దగ్గర కాలిన వాసన వచ్చేది.

డిస్కును రెండు వైపుల నుంచీ అదిమి పట్టే ప్యాడ్లు అరిగాయని గ్రహించి కొత్త సెట్టు తెచ్చి, ఆదివారం వాకిట్లోనే తండ్రీకొడుకులు పనికి దిగారు. కుడి వైపు అరగంటలో పూర్తయింది. కాకపోతే పిస్టన్‌ను లోపలికి నొక్కుతుండగా పైన డబ్బాలోంచి ఆయిల్ పొంగి పెయింటు మీద పడింది. పొడి గుడ్డతో తుడిచారు, మర్నాటికి అక్కడ పెయింటు ఉబ్బింది. ఎడమ వైపు విప్పి చూస్తే లోపలి ప్యాడ్ దాదాపు రేకు దాకా అరిగి ఉంది, బయటి ప్యాడ్ మాత్రం సగానికి పైగా మిగిలే ఉంది. సి క్లాంప్ (మర తిప్పి బిగించే పట్టు సాధనం) పెట్టి ఎంత బిగించినా పిస్టన్ కదల్లేదు. తండ్రి టైరు లివర్ తెచ్చి పిస్టన్ అంచుకు ఆనించి గట్టిగా ఒత్తారు. పిస్టన్ ఒక పక్కకు ఒరిగి కొద్దిగా లోపలికి పోయి ఆగిపోయింది. దాని చుట్టూ ఉండే రబ్బరు బూటు చిరిగింది. కొత్త ప్యాడ్లు పట్టకపోవడంతో ఎడమ వైపు పాతవే తిరిగి పెట్టి, సోమ, మంగళ వారాలు అదే కారులో ఆయన బడికి వెళ్లి వచ్చారు.

ఒక మెకానిక్ కాలిపర్, అంటే పిస్టన్‌నూ ప్యాడ్లనూ పట్టి ఉంచే భాగం, మొత్తం మార్చాలన్నాడట. ఇంకో షెడ్డులో పెట్రోలు పోసి కడిగి, గ్రీజు రాసి నొక్కితే చాలన్నారట. తండ్రి మాట మరొకటి: "ముప్పయ్యేళ్లు లారీ తోలినోణ్ణి, నాకు బ్రేకులు నేర్పుతావేటిరా? నడిపితే అదే సర్దుకుంటాది." ఏడో నెల గర్భిణి అయిన చెల్లెల్ని శనివారం చెకప్ కోసం శ్రీకాకుళం తీసుకెళ్లాలి. కారు వద్దంటే తండ్రి చిన్నబుచ్చుకుని రెండు రోజులుగా సరిగా మాట్లాడడం లేదు. కారు నడపవచ్చా, బలం పెట్టినందువల్ల ఏం చెడింది, ఇంట్లో చేసుకోగల పనేనా, తండ్రిని నొప్పించకుండా ఎలా ఆపాలి అన్నవి ఆయన ప్రశ్నలు.

మాస్టారూ, మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పి మిగతా విషయాల్లోకి వెళ్తాను. ఈ కారును ఇక కదపకండి. చెల్లెలి చెకప్‌కు అద్దె కారు మాట్లాడుకోండి. మిగతా అన్ని విషయాల్లోనూ మీకు రెండు మూడు దారులున్నాయి, వాటిలో ఏది ఎంచుకున్నా నేను అభ్యంతరం చెప్పను. ఈ ఒక్కదానిలో మాత్రం నాకు రెండో మాట లేదు. కుడి వైపు కొత్త ప్యాడ్లు, ఎడమ వైపు రేకు దాకా అరిగిన ప్యాడ్, వెనక్కి రాని పిస్టన్, చిరిగిన బూటు ఉన్న కారు హఠాత్తుగా బ్రేకు తొక్కిన క్షణంలో ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. రెండు రోజులు ఏమీ జరగలేదు కదా అని మీ నాన్నగారు అనవచ్చు. ఆ రెండు రోజులూ మీరు గట్టిగా బ్రేకు తొక్కవలసిన అవసరం రాలేదు, అంతవరకే దాని అర్థం.

ఇక అసలు సంగతి. ఇదంతా ఆదివారం మొదలైందని మీరు అనుకుంటున్నారు గానీ, నెల కిందట లైటు వెలిగిన రోజే మొదలైంది. మనం పెడల్ తొక్కినప్పుడు దానికి కలిపి ఉన్న మాస్టర్ సిలిండర్‌లోని ద్రవం గొట్టాల గుండా వెళ్లి కాలిపర్‌లోని పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, పిస్టన్ ప్యాడ్‌ను డిస్కుకు అదుముతుంది. ప్యాడ్ అరిగినకొద్దీ పిస్టన్ తన గూటిలోంచి కొంచెం కొంచెంగా బయటికి జరుగుతుంది, దాని వెనక ఏర్పడిన ఖాళీలోకి డబ్బాలోని ద్రవం దిగుతుంది. అందువల్ల ఎక్కడా కారకుండానే డబ్బాలో మట్టం తగ్గిందంటే, చాలా సందర్భాల్లో ప్యాడ్లు అరిగాయని అర్థం. ఆ రోజు ఆయిల్ పోయకుండా చక్రం విప్పి చూసి ఉంటే ఎడమ ప్యాడ్ అప్పుడే కనిపించేది. పోసిన ఆయిల్ లైటును ఆర్పింది, కబురు మీకు చేరకుండా పోయింది. ఆదివారం కుడి పిస్టన్‌ను నొక్కినప్పుడు పొంగినది కూడా ఆ అదనపు ఆయిలే, ఎందుకంటే పిస్టన్ లోపలికి వెళ్తే దాని వెనక ఉన్న ద్రవమంతా తిరిగి డబ్బాకే చేరాలి. పని మొదలుపెట్టే ముందు డబ్బా మూత తీసి, శుభ్రమైన సిరంజితో కొంత ఆయిల్ తీసేయడం అందుకే. పెయింటు మీద పడితే పొడి గుడ్డతో తుడిస్తే సరిపోదు, వెంటనే నీళ్లు ధారాళంగా పోయాలి. ఆ ద్రవం నీళ్లలో కలిసిపోతుంది గనుక నీళ్లే దానికి మందు. ఉబ్బిన పెయింటు గురించి దిగులు పడకండి, అది చూపుకు సంబంధించిన నష్టం మాత్రమే.

పిస్టన్ వెనక్కి వెళ్లడం గురించి కొంచెం నెమ్మదిగా చెప్పాలి. కాలిపర్ గూటి లోపల, గోడలో చెక్కిన గాడిలో ఒక రబ్బరు ఉంగరం, అంటే సీలు, కూర్చుని ఉంటుంది. దాన్ని కోసి చూస్తే అడ్డుకోత చతురస్రంగా కనిపిస్తుంది. పిస్టన్ ఆ ఉంగరం మధ్య నుంచి బిగుతుగా జారుతుంది. పెడల్ తొక్కినప్పుడు పిస్టన్ ముందుకు పోతుంటే దాన్ని పట్టుకున్న రబ్బరు కూడా కొంచెం మెలిపడుతుంది. కాలు తీయగానే ఆ మెలిక విడి, పిస్టన్‌ను వెంట్రుకవాసంత వెనక్కి లాగుతుంది. డిస్కు స్వేచ్ఛగా తిరగడానికి ఆ వెంట్రుకవాసే చాలు. ఇందులో ఎక్కడా స్ప్రింగు లేదు, పనంతా ఆ రబ్బరుదే. పిస్టన్ మీద తుప్పు పొక్కులు లేచినా, గీతలు పడినా, రబ్బరు ఉబ్బినా ఈ వెనక్కి లాగే గుణం పోతుంది. ప్యాడ్ డిస్కును రాసుకుంటూనే ఉంటుంది, చక్రం వేడెక్కుతుంది, కాలిన వాసన వస్తుంది, బ్రేకు తొక్కకుండానే కారు ఆ పక్కకు లాగుతుంది. మీరు రాసినవి సరిగ్గా ఈ లక్షణాలే.

మీ ఇల్లు ఉన్న చోటు కూడా ఇందులో పాత్రధారే. కళింగపట్నం తీరపు ఉప్పు గాలి కిటికీ ఊచలను ఏం చేస్తుందో మీరు రోజూ చూస్తున్నారు. పిస్టన్‌ను ఆ గాలి నుంచి కాపాడేది చిరిగిపోయిన ఆ రబ్బరు బూటే. ఆదివారానికి ముందే అది ఎక్కడో చిట్లి, ఉప్పు తేమ లోపలికి చేరి ఉండే అవకాశం చాలా ఉంది. ఇప్పుడు పూర్తిగా చిరిగింది గనుక, ఏ దారిన వెళ్లినా బూటు మార్చక తప్పదు.

అయితే పిస్టన్ కదలకపోవడానికి తుప్పు ఒక్కటే కారణం కానక్కరలేదు. నేను విజయనగరంలో కుర్రవాళ్లకు ఈ పని నేర్పిన రోజుల్లో, క్లాంప్ తిరగడం బరువెక్కగానే చేయి తీసేయమని చెప్పేవాణ్ణి. చేయి తీశాక, ఆ అడ్డు ఎక్కడిదో వెతకాలి. మీ విషయంలో అది మూడు చోట్ల ఉండవచ్చు.

మొదటిది కాలిపర్ జారే పిన్నులు. మీ కారులో పిస్టన్ లోపలి వైపు ఒక్కటే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను తోస్తే, ఎదురు ఒత్తిడికి కాలిపర్ మొత్తం పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. పిన్నులు పట్టేస్తే బయటి ప్యాడ్ పని చేయదు, భారమంతా లోపలి ప్యాడ్ మీద పడి అదే అరుగుతుంది. పిస్టన్ వెనక్కి రాకపోయినా లోపలిదే ఎక్కువగా అరుగుతుంది. కాబట్టి ఆ ప్యాడ్లను చూసి రెండింటిలో ఏదో తేల్చలేం. కాలిపర్‌ను చేత్తో అటూ ఇటూ జరిపి చూస్తేనే తెలుస్తుంది. పిన్ను వేలితో లాగితే మెత్తగా జారి రావాలి. రాకపోతే బయటికి తీసి శుభ్రం చేసి, బ్రేకుల కోసమే తయారయ్యే సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. బేరింగులకు వాడే మామూలు గ్రీజు అక్కడి రబ్బరును ఉబ్బిస్తుంది, ఆరు నెలల్లో పిన్ను మునుపటికన్నా గట్టిగా పట్టేస్తుంది.

రెండోది కాలిపర్‌కు వచ్చే రబ్బరు హోస్ పైపు. బయటికి బాగానే కనిపిస్తూ లోపల పొర ఊడి మూసుకుపోయిన పైపులను నేను చాలా చూశాను. పెడల్ తొక్కే బలానికి ద్రవం ముందుకు వెళ్తుంది గానీ, వెనక్కి వచ్చే దారిలో ఆ పొర తలుపులా మూసుకుంటుంది. అప్పుడు పిస్టన్ ఎంత శుభ్రంగా ఉన్నా క్లాంప్‌కు లొంగదు. పదకొండేళ్ల పైపు గనుక దీన్ని కొట్టిపారేయలేను. కుడి వైపు ద్రవం సజావుగా వెనక్కి వెళ్లింది కాబట్టి ఎడమ దారి కూడా బాగుందని అనుకోకండి. చాలా చిన్న కార్లలో కుడి ముందు చక్రం, ఎడమ వెనక చక్రం ఒక జత, ఎడమ ముందు, కుడి వెనక మరో జత. ఒక దారి చెడినా రెండోది మిగలాలని చేసిన ఏర్పాటది. మూడోది మనం ముందుగా అనుమానించిన పిస్టన్.

హోస్ పైపా, పిస్టనా అన్నది తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కాలిపర్ వెనక, ద్రవంలో చేరిన గాలి తీసే నిప్పల్ (చిన్న మర గొట్టం) ఉంటుంది కదా, దానికి సన్నని పారదర్శకపు గొట్టం తొడిగి, రెండో కొసను కొంచెం బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. పాత ప్యాడ్‌ను పిస్టన్ ముఖం మీద అడ్డంగా పెట్టి, ఆ ప్యాడ్ మీద సి క్లాంప్ మధ్యకు వచ్చేలా పట్టించండి. అలా చేస్తే బలం పిస్టన్ అంతటా సమానంగా పడుతుంది. క్లాంప్‌ను చేతికి ఆనేంత మాత్రం బిగించి, నిప్పల్‌ను పావు చుట్టు వదులు చేయండి. అప్పుడు క్లాంప్‌ను పావు చుట్టు తిప్పి ఆగండి. పిస్టన్ మెత్తగా కదిలి, సీసాలోకి నల్లని ద్రవం వస్తే దోషం పైపుదో, దాని వెనకదో. నిప్పల్ తెరిచినా పిస్టన్ రాయిలా నిలబడితే దోషం గూటిలోనే ఉంది. క్లాంప్ వదిలే ముందే నిప్పల్ మూయాలి, లేకపోతే గాలి లోపలికి పోతుంది.

మీరు కారును రెండు రోజులు నడపడం వల్ల ఒక ప్రయోజనం మాత్రం కలిగి ఉండవచ్చు. లివర్‌తో ఒరిగిన పిస్టన్‌ను ద్రవపు ఒత్తిడి మళ్లీ నిటారుగా ముందుకు తెచ్చి ఉండవచ్చు. ఒరిగే ఉంటే మాత్రం ఈ పరీక్ష తప్పు జవాబు చెబుతుంది. పాత చెక్క బల్ల సొరుగును ఒక మూల పట్టి తోస్తే ఎలా ఇరుక్కుంటుందో, ఒరిగిన పిస్టన్ గూటిలో అలాగే ఇరుక్కుంటుంది. కాబట్టి ముందు పిస్టన్ అంచు చుట్టూ కళ్లతో చూడండి. గూటి అంచు నుంచి అన్ని వైపులా సమానంగా బయటికి ఉంటేనే పరీక్షకు దిగండి. ఇంకో హెచ్చరిక కూడా ఉంది. ఉప్పు గాలికి నిప్పల్ కూడా తుప్పు పట్టి ఉంటుంది. తుప్పు వదిలించే స్ప్రే బయటి మరల మీద ముందు రోజు రాత్రే కొట్టి, తెరిచిన స్పానర్ కాకుండా సరైన నంబరు రింగు స్పానర్‌తోనే ప్రయత్నించండి. మొండికేస్తే వదిలేయండి. నిప్పల్ తెగితే అక్కడికక్కడే పని మీ చేయి దాటిపోతుంది.

పెట్రోలు సంగతి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో చాలా షెడ్లలో ఈ అలవాటు ఇంకా ఉంది. మనం నోటి మాటగా బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు. డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ జాతి ద్రవాలు. వాటితో కలిసి బతకడానికి ఎంచిన రబ్బరుకు పెట్రోలు, డీజిల్, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు అన్నీ విషమే. అవి తగిలిన సీలు ఉబ్బి మెత్తబడుతుంది. కడిగిన రోజు పిస్టన్ హాయిగా కదిలినట్టు కనిపిస్తుంది, తరవాతే పట్టేస్తుంది. బయటి మురికికి బ్రేక్ క్లీనర్ స్ప్రే గానీ, సబ్బు నీళ్లు గానీ వాడవచ్చు. సీలు, పిస్టన్ కూర్చునే లోపలి భాగాన్ని కడగాలంటే కొత్త బ్రేక్ ఆయిలే వాడాలి.

లివర్ వల్ల ఏం చెడి ఉంటుందన్న మీ ప్రశ్నకు నా అనుభవం నుంచే జవాబు చెప్పగలను. పాతికేళ్ల కిందట ఇలాగే కదలని ఒక పిస్టన్‌ను నేను స్క్రూడ్రైవర్‌తో ఒక పక్క నుంచి నెట్టాను. వెళ్లింది. పిస్టన్ పక్క గోడ మీద గోటితో గీసినంత గీత పడింది, నేను దాన్ని లెక్క చేయలేదు. నెల తరవాత సాలూరు దాటి ఘాట్ దిగుతుండగా, మూడో మలుపులో పెడల్ తడి మట్టిలో కాలు పెట్టినట్టు దిగబడింది. సెకండ్ గేర్ వేసి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ కొండ వైపు కాలువ గట్టుకు ఆనించి కారును ఆపాను. వెనక సీట్లో నా పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. చక్రం లోపలి వైపంతా ఆయిల్‌తో తడిసి ఉంది. ఆ గీత మీదుగానే సీలు కారింది. మీ పిస్టన్‌కు గీత పడిందో లేదో విప్పకుండా తెలియదు. పడి ఉండవచ్చునన్న లెక్కతోనే ముందుకు వెళ్లండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఒకటి, వాషర్ కిట్టు వేయించడం. పిస్టన్ బయటికి తీసి, గూడు శుభ్రం చేసి, కొత్త సీలు, కొత్త బూటు వేస్తారు. కిట్టు ధర వందల్లోనే ఉంటుంది. పిస్టన్ మీద, గూటి గోడ మీద గుంటలు, గీతలు లేకపోతేనే ఇది నిలుస్తుంది. గుంటలు పడిన పిస్టన్‌కు కొత్త సీలు వేస్తే రెండు మూడు నెలల్లో మళ్లీ అదే వాసన వస్తుంది. గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశామంటే ఒప్పుకోకండి. ఆ రుద్దుడుకు పై పూత పోయి తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. పిస్టన్‌ను బయటికి తీసే పని మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. గాలి పంపుతో తీసేటప్పుడు పిస్టన్ తుపాకీ గుండులా ఎగురుతుంది, వేలు అడ్డం ఉంటే నలిగిపోతుంది.

రెండు, మొదటి మెకానిక్ చెప్పినట్టు కాలిపర్ మార్చడం. ఖర్చు వేలల్లోకి వెళ్తుంది, కానీ పిస్టన్, గూడు, సీలు, బూటు, నిప్పల్ అన్నీ ఒక్కసారిగా కొత్తవి వస్తాయి. అతను మిమ్మల్ని మోసం చేయాలని చెప్పాడని నేను అనుకోను. సముద్రపు గాలిలో పదకొండేళ్లు ఉండి, లివర్ దెబ్బ తిన్న కాలిపర్ విషయంలో అది న్యాయమైన సలహాయే. మీ స్థానంలో నేనుంటే పిస్టన్‌ను బయటికి తీయించి వెలుతురులో నా కళ్లతో చూశాకే ఈ రెండింటిలో ఒకటి తేల్చుకుంటాను. ఏది చేసినా ముందు చక్రాల హోస్ పైపులు రెండూ మార్చేయండి. పరీక్షలో పైపు దోషమని తేలినా, చిరిగిన బూటు వల్ల కాలిపర్ పని ఎలాగూ ఉంటుంది.

కారు షెడ్డుకు వెళ్లడమెలా అన్నది మరో చిక్కు. మెకానిక్‌ను ఇంటికి పిలిపించవచ్చు. కాలిపర్, పైపు మార్చి గాలి తీయడం పూటలో అయ్యే పనే. కాలిపర్ విప్పి బండి మీద షెడ్డుకు పట్టుకెళ్లవచ్చు కూడా. అప్పుడు తెరిచిన గొట్టంలోంచి ద్రవం కారిపోకుండా, దుమ్ము చేరకుండా బిరడా పెట్టాలి. డబ్బా పూర్తిగా ఖాళీ అయితే, ముఖ్యంగా ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కార్లలో, గాలి తీయడం చాలా కష్టమవుతుంది. మూడో మార్గం టోయింగ్ బండి మీద పంపడం. ఖర్చు ఎక్కువ, శ్రమ తక్కువ.

ఎలా చేసినా ఆయిల్ మొత్తం మార్పించండి. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మీ తీరంలో తేమకు కొదవ లేదు. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ కనీసం 155 డిగ్రీలకు పడిపోతుంది. పట్టేసిన బ్రేకు వేడికి ద్రవం మరిగితే బుడగలు లేచి పెడల్ ఖాళీగా దిగిపోతుంది. డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉందో అదే, సీలు తీయని కొత్త సీసాలోంచే పోయాలి. మీ నాన్నగారు పోసిన సీసా ఎప్పుడు తెరిచినదో ఒకసారి అడగండి. లోపలి ప్యాడ్ రేకు దాకా అరిగింది గనుక ఎడమ డిస్కు లోపలి ముఖం మీద గాళ్లు పడ్డాయేమో చేత్తో తడిమి చూడండి. ఉండవలసిన కనీస మందం ఎంతో డిస్కు మీదే చెక్కి ఉంటుంది.

ఇక మీ నాన్నగారి విషయం. ఆయన మొండితనం చేస్తున్నారని మీరు రాశారు. నాకు అలా కనిపించలేదు. ఆయన ముప్పై ఏళ్లు నమ్ముకున్నవి డ్రమ్ బ్రేకులు. డ్రమ్ము ఊడదీసి, లైనర్లు కొట్టించి, అడ్జస్టర్ తిప్పి చక్రం రాసుకోకుండా సరిచేయడం ఆయనకు కళ్లు మూసుకుని చేయగల పని. ఆ పనిలో పట్టేసిన దాన్ని లివర్‌తో కదపడం, సుత్తితో తట్టడం తప్పు కాదు, చాలాసార్లు అదే పద్ధతి. ఆ చేతి అలవాటే ఆదివారం కాలిపర్ మీదికి వచ్చింది. తనకు బాగా తెలిసిన పనిలో కొడుకు ఆపమన్నాడన్న బాధ ఆయనది. తెలియని వాడివని ఎవరూ అనలేదన్న సంగతి ఆయనకు చేరాలి.

దీనికి కూడా దారులున్నాయి. మెకానిక్ చేత చెప్పించవచ్చు. కాని బయటివాడి ముందు కొడుకు తనను తప్పుపట్టించాడని ఆయనకు తోస్తే దూరం పెరుగుతుంది. చెప్పకుండా కారు పంపేయవచ్చు. అది ఇంకా ఎక్కువగా నొచ్చుకునే విషయం. లేదా ఆయన ఎదురుగా కూర్చుని, కారు ఎందుకు ఆపానో నేరుగా చెప్పవచ్చు. "నాన్నా, ఇందులో చెల్లి కూర్చుంటుంది, నాకు భయంగా ఉంది" అని మీరు అంటే, ముప్పై ఏళ్లు రోడ్డు మీద బతికిన మనిషికి ఆ భయం మీకంటే బాగా అర్థమవుతుంది. మీకు అలా మాట్లాడే చనువు లేకపోతే, పని అప్పగించండి. వెనక డ్రమ్ములు కూడా ఈ ఉప్పు గాలిలోనే ఉన్నాయి. వాటిని విప్పి షూలు ఎంత మిగిలాయో, వీల్ సిలిండర్ రబ్బరు కింద తడి ఉందో, హ్యాండ్ బ్రేకు కేబుల్ జారుతోందో చూడమని అడగండి. మీకూ నాకూ కన్నా ఆయన కళ్లే అక్కడ ఎక్కువ పట్టుకుంటాయి. మెకానిక్ గాలి తీసేటప్పుడు పెడల్ మీద కాలు ఆయనదే ఉండనివ్వండి. తొక్కి పట్టు, వదులు అన్న మాటకు సరిగ్గా స్పందించే కాలు ఉంటే ఆ పని సగం సమయంలో అవుతుంది. పెడల్ గట్టిపడిందో, ఇంకా గాలి మిగిలిందో ఆయన పాదానికి మనకన్నా ముందే తెలుస్తుంది.

కొత్త ప్యాడ్లు వేశాక కారు కదిపే ముందు చేయవలసినది ఒకటుంది, ఇది మాత్రం ఇంట్లో పని చేసేవారు ఎక్కువగా మరిచిపోతారు. పిస్టన్ లోపలికి వెళ్లి ఉంటుంది గనుక మొదటి తొక్కుకు పెడల్ నేల దాకా పోతుంది. ఇంజిన్ ఆపి ఉంచే, పెడల్ రాయిలా నిలబడే దాకా మెల్లగా తొక్కుతూ వదులుతూ ఉండండి. డబ్బా మట్టం సరిచూసుకోండి. కాలిపర్ విప్పి ఉన్నప్పుడు మాత్రం ఎవరూ పెడల్ మీద కాలు పెట్టకూడదు, పిస్టన్ ఊడి వస్తుంది. విప్పిన కాలిపర్‌ను పైపుకు వేలాడనివ్వకుండా తీగతో కట్టి ఉంచాలి. కారును జాకీ ఒక్కదాని మీదే వదలవద్దు, మీది మట్టి వాకిలి గనుక జాకీ కింద చెక్క పలక, దానికి తోడు స్టాండు ఉండాలి. ప్యాడ్ల దుమ్మును నోటితో గానీ గాలి పంపుతో గానీ ఊదకండి, తడి గుడ్డతో తుడవండి.

వెనక కూడా డిస్కులున్న కారు గల పాఠకులకు ఇక్కడే ఒక మాట. వాటిలో చాలావాటి పిస్టన్ హ్యాండ్ బ్రేకుతో ముడిపడి, మరలాగా తిప్పుతూ నొక్కితేనే లోపలికి వెళ్తుంది. సి క్లాంప్‌తో తిన్నగా నొక్కితే లోపలి యంత్రం విరుగుతుంది. హ్యాండ్ బ్రేకు బటన్‌తో పనిచేసే కార్లలో ముందుగా మోటారును సర్వీసు స్థితికి తేవాలి. ఎటు తిప్పాలో, ఎలా తేవాలో ఆ కారు పుస్తకంలోనే చూడాలి.

పని పూర్తయ్యాక మొదటిసారి మీ ఊరి ఖాళీ రోడ్డు మీదికే వెళ్లండి. 50 వేగం నుంచి 15కు నెమ్మదిగా తగ్గించడం ఎనిమిది పది సార్లు, మధ్యలో చల్లారే సమయం ఇస్తూ చేస్తే కొత్త ప్యాడ్లు డిస్కుతో కలుస్తాయి. ఇంటికి వచ్చాక రెండు ముందు చక్రాల దగ్గరా, తాకకుండా, అరచేతి వెనక భాగంతో వేడి చూడండి. రెండూ ఒకేలా ఉండాలి. ఎడమది ఎక్కువగా ఉంటే కారు మళ్లీ ఆపేయండి. నిప్పల్ తెరిచినప్పుడు పిస్టన్ కదిలిందో లేదో, సీసాలోకి వచ్చిన ఆయిల్ ఏ రంగులో ఉందో నాకు రాయండి. ఆ రెండూ తెలిస్తే తప్పు హోస్ పైపుదో కాలిపర్‌దో ఇక్కడి నుంచే చాలావరకు చెప్పగలను.